మాటాడని ముఖము

మా పెదనాన్నగారు నవ్వినచో వీధి అరుగుపై నున్నవారికి సైతము వినబడెడిది. అట్టి మనిషి డెబ్బదవ యేట నవ్వు మాని, కనురెప్ప యైనను అరుదుగా వాల్చుచు, గోడవంక చూచుచు కూర్చుండుట కని ఇంటిల్లిపాదియు నొచ్చుకొనిరి. మనుమడు తరగతిలో ప్రథముడై వచ్చి కాళ్లకు మ్రొక్కిననాడు ఆయన ముఖమున ఒక్క రేఖయు కదలలేదు. "మామయ్యగారికి మా మీద ఏదో కోపం. ఉలుకూ లేదు, పలుకూ లేదు" అని మా వదినె కంట నీరు పెట్టుకొన్నది. ఆ పిల్లవాని మణికట్టును మాత్రము ఆయన బొటనవ్రేలు మెల్లమెల్లగా నిమురుచునే యుండెను.

అది పార్కిన్సన్ వ్యాధి యని కొన్ని నెలలకు గాని తేలలేదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను లండను వైద్యుడు వర్ణించిన యీ రోగమనగానే మనకు చేతి వణకు స్ఫురించును గాని, వణకు లేని రోగులును కలరు. మెదడులో డోపమిన్ అను రసాయనమును తయారుచేయు కణములు క్షీణించుటచే, మనము తలపెట్టకయే జరిగిపోవు చలనములు, అనగా నడచునపుడు చేతులూగుట, రెప్ప వాలుట, సంతోషము కలుగగానే పెదవి విచ్చుట, క్రమముగా సన్నగిల్లును. గొంతు హీనస్వరమగును, చేవ్రాత చీమతలకాయలంత యగును. లోపలి వాత్సల్యము చెక్కుచెదరకున్నను ముఖమునకు చేరు త్రోవ పూడిపోవును.

దీనికి లెవొడోపా ముఖ్యౌషధము. మన దూలగొండి గింజలలో ఆ పదార్థమే కలదని భారతీయ శాస్త్రజ్ఞులు 1937లో కనుగొనిరి. అట్లని గింజలు నూరి మ్రింగరాదు, మోతాదు తెలియదు. వ్యాధి ముదిరిన కొలది మందు పనిచేయు గంటలలో ముఖము కొంత వికసించి, ప్రభావము తగ్గగానే మరల బిగిసికొనుట కలదు. ఉదయము ప్రసన్నముగా నున్న తండ్రి మధ్యాహ్నమునకు చిరచిరలాడుచున్నట్లు కనబడుట కిదియే హేతువు కావచ్చును. నిజమైన దిగులును ఈ వ్యాధిలో తరచు వచ్చును గనుక ముఖమును బట్టి ఏదియు నిశ్చయింపరాదు, అడిగి తెలిసికొనవలెను.

మా వదినె అట్లే అడిగినది. ఎదుట పీట వేసికొని కూర్చుండి, "మామయ్యగారూ, మా మీద కోపమా?" అని ఊరకుండెను. చాలసేపటికి, పెదవులు కదలీ కదలకుండ, "పిచ్చితల్లీ, కోపమేమిటి?" అన్నమాట వినవచ్చెను.

మీ యింట పెద్దల ముఖము ఇట్లు నిశ్చలమైనచో, చేయి వణకకున్నను, ఒకసారి నరముల వైద్యునికి చూపుడు.