తుపాను నష్టం: గ్రెనడా జాజికాయ లెక్క

ఒక ద్వీప దేశాన్ని తుపాను తాకిందని తెలియగానే నష్టం ఇన్ని కోట్ల డాలర్లన్న అంకె వెలువడుతుంది. మార్కెట్ దానిని చూసి చలిస్తుంది. అయితే అందులో సరుకు నష్టమెంత, సరఫరా ఎంతకాలం తగ్గుతుంది అన్నవి విడిగా వేసుకోవలసిన లెక్కలు. గ్రెనడా ఇందుకు మంచి ఉదాహరణ.

కరేబియన్ ప్రాంతంలోని ఈ చిన్న దేశం ఒకప్పుడు జాజికాయ ఎగుమతిలో ఇండొనీషియా తర్వాత రెండవ స్థానంలో ఉండేది. 2004 సెప్టెంబరు 7న ‘ఐవాన్’ హరికేన్ దీనిని తాకింది. 39 మంది మరణించారు. నూటికి దాదాపు 90 ఇళ్లు దెబ్బతిన్నాయి. నష్టం సుమారు 90 కోట్ల అమెరికన్ డాలర్లని, ఇది దేశపు ఒక సంవత్సరపు స్థూల ఉత్పత్తికి దాదాపు రెండింతలని అప్పటి అంచనా.

ఇటువంటి అంచనాలో రెండు పద్దులుంటాయి. ఇళ్లు, రోడ్లు, గోదాములు, చెట్లు వంటి ఆస్తుల ధ్వంసం మొదటిది. అవి తిరిగి సమకూరే వరకు పోయే రాబడి రెండవది. చెట్టు విలువకు, అది ఇవ్వవలసిన పంట విలువను పూర్తిగా కలిపితే ఒకే నష్టం రెండుసార్లు పద్దుకెక్కుతుంది.

గ్రెనడా నష్టంలో పెద్ద వాటా ఇళ్లది. వ్యవసాయం వాటా స్వల్పమే. కాని జాజి చెట్లలో సుమారు 90 శాతం కూలిపోవడమో, దెబ్బతినడమో జరిగింది. ఇంటికి కప్పు ఏడాదిలో వేయవచ్చు. అరటి తోట తిరిగి నాటితే సుమారు ఏడాదికి గెల వేస్తుంది. విత్తనం నాటి పెంచిన జాజి మొక్క కాపుకు రావడానికి 7, 8 ఏళ్లు, నిండు కాపుకు సుమారు 20 ఏళ్లు పడుతుంది. పైగా జాజిలో ఆడ, మగ చెట్లు వేరు. పూత వచ్చేవరకు ఏది ఏదో తెలియదు. అంతకాలం రాబడి లేకుండా ఆగడం చిన్న రైతుకు కష్టం.

2005 జూలైలో ‘ఎమిలీ’ హరికేన్ మరో దెబ్బ తీసింది. అయినా పునర్నిర్మాణ పనుల మూలంగా ఆ ఏడాది దేశపు స్థూల ఉత్పత్తి పెరిగింది. జాజికాయ దిగుబడి మాత్రం తర్వాత కూడా పూర్వస్థాయిని అందుకోలేదు. కనుక దేశం కోలుకున్నదన్న అంకెను సరుకు రాబోతున్నదనడానికి సూచనగా తీసుకోరాదు.

తుపాను వార్త వచ్చినప్పుడు వర్తకులు ముందుగా విచారించవలసినవి నాలుగు: ప్రపంచ సరఫరాలో ఆ దేశపు వాటా, గోదాములలో చెడకుండా మిగిలిన నిల్వ, పోటీ దేశాల దిగుబడి, పడిపోయింది ఏటి పంటా లేక చెట్టు పంటా అన్నది. మొదటి మూడూ ఆ ఏటి ధరను నిర్ణయిస్తాయి. నాలుగవది రాబోయే పదేళ్ల ధరను నిర్ణయిస్తుంది.