ఒక దాడికి ఎన్ని నివేదికలు?

2017 మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము బయలుదేరి 150 దేశములలోని కంప్యూటర్లను పట్టుకొన్నది. కంప్యూటరులోని ఫైళ్ళను రహస్యలిపిలోనికి మార్చివేసి, డబ్బు చెల్లించిననే తిరిగి ఇత్తునని తెరపై బెదిరింపు చూపెడిది. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యవ్యవస్థకు చెందిన 236 ట్రస్టులలో 80 దీనివలన చిక్కులలో పడెను. శస్త్రచికిత్సలు వాయిదా పడినవి. అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్టు సంస్థ ఆ మార్చి నెలలోనే మరమ్మతు విడుదల చేసియుండెను. వేసికొనని వారెందరో దెబ్బతినిరి.

ఇట్టి దాడి ఒక సంస్థతో ఆగదు. మొదట దెబ్బతిన్నవారు వెంటనే చెప్పినచో, తక్కినవారికి తమ తలుపులు బిగించుకొనుటకు వ్యవధి దొరకును. కాని పరువు పోవునను భయముచే చెప్పక దాచు సంస్థలు కలవు. అందుచే ప్రభుత్వములు దాడిని తెలుపుటను విధిగా చేసినవి. మన దేశమున సర్ట్-ఇన్ అను కేంద్రప్రభుత్వ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో ఇందుకు 6 గంటల గడువు పెట్టినది.

ఐరోపా సమాఖ్యలో ఈ విధులు ఒకదానిపై నొకటి పేరుకొన్నవి. అచ్చటి యొక ఆసుపత్రి కంప్యూటర్లపై పెద్ద దాడి జరిగినదనుకొందము. ఎన్.ఐ.ఎస్.-2 అను 2022 నాటి శాసనము ననుసరించి, సంగతి తెలిసిన 24 గంటలలో తొలి హెచ్చరిక, 72 గంటలలో వివరములు, అటు పిమ్మట నెలలోపల తుది నివేదిక పంపవలెను. రోగుల సొంత వివరములు కూడ బయటపడెనా, 2018 మే 25 నుండి అమలునకు వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము క్రింద మరియొక కార్యాలయమునకు 72 గంటలలో వేరొక నివేదిక. బ్యాంకుల లెక్క ఇంకొకటి. 2025 జనవరి 17న అమలునకు వచ్చిన డోరా శాసనము, దాడి పెద్దదని తేల్చుకొన్న 4 గంటలలోనే తొలి సమాచారము కోరును.

పెద్ద కంపెనీకి గుమాస్తాలు, న్యాయవాదులు ఉందురు. చిన్న సంస్థలో కంప్యూటర్లు చూచువాడు ఒక్కడే. సోకిన కంప్యూటరును తక్కినవాని నుండి విడదీయవలసిన గంటలో అతడు ఫారములు నింపుచు కూర్చుండవలసివచ్చును. భద్రతకై పుట్టిన శాసనమే భద్రతకు వినియోగింపవలసిన చేతులను కట్టివేయుచున్నదన్న మాట!

దీనికి విరుగుడుగా 2025 నవంబరు 19న ఐరోపా కమిషను ఒక ప్రతిపాదన చేసినది. సంస్థ ఒకేచోట ఒకసారి తెలిపిన చాలును. అచ్చటినుండి ఆ సమాచారము ఏయే కార్యాలయమునకు చెందవలెనో దానికి చేరును. ఈ ద్వారమును నడుపు బాధ్యత 2004లో ఏర్పడిన ఎనిసా అను సమాఖ్య సంస్థది. ఇందు గడువులు సడలవు, తెలుపవలసిన సంగతులు తగ్గవు. తగ్గునది వ్రాతపని మాత్రమే.

అదే ప్రతిపాదనలో రెండవ మార్పు కూడ కలదు. వ్యక్తిగత సమాచారము బయటపడినప్పుడు 72 గంటలకు బదులు 96 గంటలు వ్యవధి. అదియు ప్రజలకు పెద్ద ముప్పు కలుగగల సందర్భములలో మాత్రమే తెలిపిన చాలును. ఈ రెండింటిని 'సరళీకరణము' అను ఒకే పేరుతో పిలుచుట సరికాదు. మొదటిది దారిని సుగమము చేయును, రెండవది విధినే తగ్గించును. చిన్న ముప్పులకు మినహాయింపు న్యాయమే కావచ్చును. కాని ఏది చిన్నదో మొదట నిర్ణయించునది దెబ్బతిన్న సంస్థయే, దాచుటకు ఆశపడునదియు అదియే. 24 గంటల తొలి హెచ్చరికను మాత్రము ముట్టుకొనకుండుట మంచిపని. ఊరిలో ఒక ఇంట కలరా సోకినప్పుడు ముందు కావలసినది వార్త. రోగి వంశవృక్షము తరువాత వ్రాసికొనవచ్చును.

ఒకే ద్వారము వలన ఒక అపాయమును లేకపోలేదు. ఏ సంస్థ ఎచ్చట బలహీనముగ నున్నదో తెలుపు నివేదికలన్నియు ఒకచోట చేరినచో, దొంగలకు అంతకంటె రుచించు కొట్టు ఉండదు. కనుక ఆ నివేదికలను రహస్యలిపిలో భద్రపరచుట, ఏ అధికారికి ఏది చూపవలెనో కట్టుదిట్టము చేయుట ముఖ్యము. ఎనిసాకు ఈ పని పూర్తిగ క్రొత్తది కాదు. కంప్యూటరు సరుకులు తయారుచేయువారు తమ సరుకులలోని లోపములను దుష్టులు వాడుకొనుచున్నట్లు తెలిసిన 24 గంటలలో తెలుపవలెనని మరియొక శాసనము 2024లో వచ్చినది. దానికి 2026 సెప్టెంబరు 11ను ప్రారంభదినముగ నిర్ణయించి, నివేదికలు అందుకొను వేదికను ఎనిసాకే అప్పగించిరి. క్రొత్త ద్వారమును ఈ వేదికనుండియే పెంచవలెనని కమిషను ఆలోచన. ప్రతిపాదన చట్టమగుటకు ఐరోపా పార్లమెంటు, సభ్యదేశముల మంత్రిమండలి, రెండును అంగీకరింపవలెను.