తెలుఁగు అచ్చుపుటలను జదువు టెసరాక్ట్: విండోస్ నందు దాని స్థాపనదోషములు

పూర్వము ముద్రితములైన తెలుఁగు గ్రంథముల ఛాయాప్రతులు నేఁడు విరివిగా లభించుచున్నవి. కాని ఛాయాప్రతి పుటయొక్క రూపమేగాని పాఠము కాదు. అందొక పదము ఎన్నిచోట్లఁ బ్రయుక్తమైనదో వెదకుటకు వీలులేదు. రెండు ముద్రణములలోని పాఠభేదములను యంత్రముచేత సరిపోల్చుటకును వీలులేదు. నిఘంటుకారునకును గ్రంథపరిష్కర్తకును గావలసినది అక్షరరూపమున నున్న పాఠము. ఛాయాప్రతినుండి యట్టి పాఠమును రాఁబట్టు సాఫ్ట్‌వేరులలోఁ బ్రసిద్ధమైనది టెసరాక్ట్. ఇది యుచితముగ లభించును. దీని మూలము అందఱకును బహిరంగము. ఇట్టివానికి ఓపెన్ సోర్స్ అని వ్యవహారము. దీనిని విండోస్ కంప్యూటరునందు నెలకొల్పఁబూని, మొదటి దోషసూచన కనఁబడఁగనే పనికిరాదని విడిచిపెట్టువారు కలరు. ఆ దోషములలోఁ బెక్కింటికి నివారణము సులభము. కారణమును గుర్తించుటయే కష్టము.

టెసరాక్ట్ 1985 మొదలు 1994 వఱకు హ్యూలెట్-పాకార్డ్ సంస్థయొక్క ప్రయోగశాలలలో నిర్మింపఁబడినది. 2005లో దాని మూలము లోకమునకు విడుదల చేయఁబడినది. 2006 మొదలు 2018 వఱకు గూగుల్ సంస్థ దాని యభివృద్ధికిఁ దోడ్పడినది. తొలి ప్రతులు అక్షరములను విడదీసి, ఒక్కొక్క దాని రూపమును బట్టి గుర్తించుచుండెను. 2018లో వెలువడిన నాలుగవ ప్రతియందు యంత్రాభ్యసనమువలన నలవడిన న్యూరల్ నెట్‌వర్క్ చేరినది. ఇది పంక్తినంతయు నొక వరుసగాఁ జదువును. పైన గుడులును గ్రింద నొత్తులును గల తెలుఁగు లిపికి నిది యనుకూలమైన మార్పు. ఐదవ ప్రతి 2021లో వెలువడినది.

దోషములను విచారించుటకు ముందు ఒక్క విషయము గ్రహింపవలెను. టెసరాక్ట్ ఏకవస్తువువలెఁ గనఁబడినను, పనిచేయునపుడు మూఁడు వస్తువులు కలసికొనవలసియుండును. మొదటిది చదువు సాధనము. రెండవది ఆ సాధనము అభ్యసించిన జ్ఞానమును నిలుపుకొన్న భాషాఫైలు. తెలుఁగునకు దాని పేరు టెల్.ట్రెయిన్డ్‌డేటా. మూఁడవది సాధనమును బిలుచునది. అది విండోసుయొక్క యాజ్ఞాగవాక్షము గావచ్చును, పైథాన్ ప్రోగ్రాము గావచ్చును. స్థాపనదోషములలోఁ బెక్కులు వీనిలో నొకటి మఱియొకదానిని గనుగొనలేకపోవుటవలనఁ గలుగునవే. కాఁబట్టి దోషసూచన కనఁబడినపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: ఏది దేనిని గనుగొనలేదు? ఇందుఁ దెలుఁగు లిపిలోఁ జూపఁబడిన యాజ్ఞలను, ఫైళ్ల పేర్లను యంత్రమునకు నాంగ్లాక్షరములతోనే యీయవలెను.

విండోసునకుఁ దగిన ఇన్‌స్టాలరును జర్మనీదేశమందలి మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము సిద్ధపఱచి యిచ్చుచున్నది. అది సాధనమును సామాన్యముగా సీ డ్రైవునందలి ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల టెసరాక్ట్-ఓ.సీ.ఆర్. అను ఫోల్డరున నుంచును. స్థాపనము ముగిసినది గదా యని ఆజ్ఞాగవాక్షమున టెసరాక్ట్ అని వ్రాయఁగా, అట్టి యాజ్ఞ గుర్తింపఁబడలేదని విండోస్ పలుకుట మొదటి దోషము. ఇందు సాధనమునకు లోపము లేదు. విండోస్ తన పాత్ అను పట్టికలోనున్న ఫోల్డరులలో మాత్రమే యాజ్ఞలను వెదకును. ఇన్‌స్టాలరు తన ఫోల్డరు పేరును ఆ పట్టికలోఁ జేర్పదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అను చోట పాత్‌ను దెఱచి, ఆ పేరును జేర్చిన దోషము తీఱును. చేర్చిన పిమ్మటను దోషము పోలేదని కొందఱు మరల మరల స్థాపించుచుందురు. ముందే తెఱచియున్న గవాక్షము పాత పట్టికనే పట్టుకొనియుండును. దానిని మూసి క్రొత్తది తెఱవవలెను. అప్పుడు «టెసరాక్ట్ --వెర్షన్» అను నాజ్ఞకుఁ బ్రతిసంఖ్య కనఁబడినచో మొదటి సంబంధము కుదిరినట్లే.

పైథాన్‌తోఁ బనిచేయువారు పైటెసరాక్ట్ అను ప్యాకేజీని పిప్ మూలమునఁ దెచ్చుకొని, సాధనమును వచ్చినదని తలంతురు. పైటెసరాక్ట్ దూతవంటిది, పంపఁబడిన పుటను సాధనమున కందించి, ఫలితమును దెచ్చియిచ్చును. సాధనమును వేఱుగా స్థాపింపనిచో టెసరాక్ట్ కనఁబడలేదను దోషసూచన వచ్చును. స్థాపించి, దాని చిరునామాను బ్రోగ్రాములో వ్రాసినను నొక్కొకప్పుడు ఆ సూచనయే మరల వచ్చును. విండోస్ చిరునామాలలో ఫోల్డరుల పేర్లనడుమ వెనుకకు వ్రాలిన గీఁత యుండును. పైథాన్‌నందు ఆ గీఁతయు, దానివెంటనే వచ్చు చిన్న టీ యను నక్షరమును గలసి ట్యాబ్ అను ఖాళీకి సంకేతమగును. టెసరాక్ట్.ఈఎక్స్‌ఈ అను పేరు టీతోనే మొదలగుటచే చిరునామా నడుమ విఱిగిపోవును. కొటేషన్ గుఱుతునకు ముందు ఆర్ అను నక్షరము నుంచినచో గీఁత గీఁతగానే నిలుచును.

రెండవ తెగ దోషములు భాషాఫైలునకు సంబంధించినవి. ఇన్‌స్టాలరు కోరనిదే తెలుఁగు ఫైలును దేదు. స్థాపనసమయమున నదనపు భాషల జాబితాలోఁ దెలుఁగును ఎంచుకొనవలెను. ఎంచుకొననివారు ఫైలును వేఱుగాఁ దెచ్చి, టెస్‌డేటా అను ఫోల్డరున నుంపవచ్చును. అందులకు అడ్మినిస్ట్రేటరు హక్కు కావలెను. «టెసరాక్ట్ --లిస్ట్-లాంగ్స్» అను నాజ్ఞకు వచ్చు జాబితాలో టెల్ అను పేరు లేనిచో ఫైలు చేరలేదనియో, వేఱుచోటఁ జేరినదనియో తెలియవలెను. పేరుండియు భాషను దెఱవలేకపోయినచో ఫైలుయొక్క పరిమాణమును జూడవలెను. ఫైలునకు మాఱుగా దానిని వర్ణించు వెబ్ పుటయే అదే పేరుతో భద్రమగుట కలదు. పేరు సరియే, లోపలిది వేఱు.

టెస్‌డేటా ప్రిఫిక్స్ అను వేరియబులు మఱియొక చిక్కునకుఁ గారణము. మూఁడవ ప్రతియందు అది టెస్‌డేటా ఫోల్డరునకుఁ బైనున్న ఫోల్డరును జూపవలసియుండెను. నాలుగవ ప్రతి మొదలు టెస్‌డేటా ఫోల్డరునే చూపవలెను. పాత సూచనలను బట్టి క్రొత్త ప్రతిని స్థాపించినవారికి ఫైలు కంటి యెదుట నున్నను దొరకలేదను సూచన వచ్చుట కిదియే హేతువు. అట్లే, ఫాస్ట్, బెస్ట్ అను పేర్లతో లభించు భాషాఫైళ్లలోఁ బూర్వపద్ధతికిఁ గావలసిన భాగములు లేవు. వానితో «--ఓఈఎమ్ 0» అని పూర్వపద్ధతిని గోరినచో సాధనము నిరాకరించును. సూచనలను బాటించుటకు ముందు అవి యే ప్రతికిఁ జెందినవో చూడవలెను.

కొన్ని దోషములు దోషములే కావు. ఆజ్ఞాగవాక్షమునఁ దెలుఁగు చతురములుగనో, ఒత్తులు చెదరియో కనఁబడవచ్చును. అది యా గవాక్షముయొక్క యశక్తి. ఫలితమును ఫైలులో వ్రాయించి, గౌతమి, నిర్మల యూఐ వంటి ఫాంటుతో నోట్‌ప్యాడునఁ దెఱచి చూచిన పిమ్మటనే పాఠమును గూర్చి నిర్ణయింపవలెను.

ఇంతవఱకుఁ జెప్పినవి తమ్ముఁ దాము చాటుకొను దోషములు. వీనికంటె ప్రమాదకరములు మౌనముగ నుండునవి. భాషను «-ఎల్ టెల్» అని చెప్పుట మఱచినచో సాధనము ఆంగ్లమనియే యెంచి, తెలుఁగు పుటను లాటిన్ అక్షరములుగాఁ జదివి, ఏ దోషమును సూచింపక ముగించును. ఇది చూచినంతనే తెలియును. ఛాయాప్రతి మసకగా నున్నపుడు వచ్చు తప్పులు అట్లు తెలియవు. అంగుళమునకు 300 చుక్కల సాంద్రత గల ప్రతి నుపయోగించుట మేలు. పూర్వగ్రంథముల విషయమున శకటరేఫమును, అరసున్నను బ్రత్యేకముగా సరిచూడవలెను. ఒక పదము గ్రంథమున లేదని వెదకి చెప్పుట నిఘంటుకారునకు నొక ప్రమాణము. ఆ పదము పుటలోనుండి పాఠములో మాఱిపోయినచో ఆ ప్రమాణమే యసత్యమగును. దానిని నమ్మి వ్రాసినవారి తీర్మానములును నట్టివే యగును.

దోషనిర్ణయమునకుఁ బండితులు కొత్తపద్ధతి నేర్వనక్కఱలేదు. ఏది యుండఁగాఁ గార్యముండునో, ఏది లేకుండఁగాఁ గార్యము లేకుండునో పరిశీలించు అన్వయవ్యతిరేకములే చాలును. ఒకసారి యొక్కదానినే మార్పవలెను. సాధనముతో వచ్చిన ఆంగ్లభాషతో ఆంగ్లపుట నొకదానిని జదివించిన, చదివెనేని సాధనము సరియైనది, దోషము తెలుఁగు ఫైలునందున్నది. ఆజ్ఞాగవాక్షమునఁ బనిచేసి పైథాన్‌నందుఁ బనిచేయనిచో దోషము దూతయందున్నది. పాత్, ప్రిఫిక్స్, ఫైలు మూఁటిని నొక్కమాఱే మార్చినవానికిఁ బని జరిగినను గారణము తెలియదు. మఱియొక కంప్యూటరున నదే దోషము వచ్చినపుడు మొదటికే రావలసియుండును.

స్థాపనము ముగిసినదనుటకుఁ దగిన పరీక్ష యొకటి కలదు. చక్కఁగాఁ బరిష్కరింపఁబడి అక్షరరూపమున నిదివఱకే యున్న గ్రంథమునుండి యొక పుటను గైకొని, దాని ఛాయాప్రతిని జదివించి, రెంటిని నక్షరశః పోల్చి తప్పులను లెక్కింపవలెను. ఆ లెక్కతోఁగూడ టెసరాక్ట్ ప్రతిసంఖ్యను, భాషాఫైలు ఫాస్టో బెస్టో యను వివరమును పాఠముతోనే వ్రాసియుంచవలెను. తాళపత్రపాఠమును బ్రకటించునపుడు మాతృక యెక్కడిదో చెప్పుట సంప్రదాయము. యంత్రము చదివిన పాఠమునకును నా మర్యాదయే తగును.