పెరటి పుంజును కూరకు ఎప్పుడు తియ్యాలి?

పెట్ట పొదిగి లేపిన పిల్లల్లో సుమారు సగం పుంజులే. 8-10 పెట్టలకు ఒక్క పుంజు చాలు. మిగతావి కూరకే. ఎన్నాళ్లు మేపాలన్నదే లెక్క.

4-5 నెలలకు పుంజు కూత నేర్చి కొట్లాటకు దిగుతుంది. ఇక తిన్న మేత ఒంటికి పట్టేది తక్కువ, మాంసం గట్టిపడుతుంది. పొట్టేలుకు కొట్టించినట్టు పుంజుకూ విత్తులు కొట్టిస్తే కొవ్వు పట్టదా అని కొందరు రైతులు అడుగుతుంటారు. పడుతుంది. ఫ్రాన్సులో అలా మేపిన పుంజును క్రిస్మస్‌కు వండుకుంటారు. కానీ కోడికి విత్తులు బయట వుండవు. పొట్ట లోపల వెన్నెముకకు ఆనుకుని వుంటాయి. చివరి పక్కటెముకల నడుమ కోసి తియ్యాలి. పక్కనే పెద్ద రక్తనాళం. అది తెగిందా, కోడి చేతిలోనే పోతుంది. చిన్న ముక్క మిగిలినా మళ్లీ పెరిగి కూతకొస్తుంది. పశువైద్యుడు మత్తిచ్చి చెయ్యాల్సిన పని ఇది. ఇంట్లో బ్లేడు పట్టుకోవద్దు. నాలుగు పుంజులున్న ఇంటికి ఆ ఖర్చూ కిట్టదు.

కొట్లాడే పుంజును ముందు కూరకు తియ్యండి. నెమ్మదైనదాన్ని పండక్కి వుంచండి.

అసలు పండగ దాకా పుంజు మిగలనివ్వనిది కొక్కెర తెగులు. పిల్లకు 5-7 రోజుల్లో లసోటా చుక్క కంట్లో వెయ్యాలి. 8వ వారంలో ఆర్‌టూబీ సూది రెక్క కింద వేయించాలి. టీకామందును ఐసులో పెట్టి తేవాలి. జేబులో పెట్టుకుని ఎండన పడి తెస్తే అది నీళ్లతో సమానం. కలిపిన మందు ఒకట్రెండు గంటల్లో అయిపోవాలి. ఒక్కో సీసా వంద కోళ్లకు, ఆపైన కూడా వస్తుంది. కనక వీధిలో వాళ్లంతా ఒకే రోజు పొద్దున్నే, కోళ్లను గంపల కింద నుంచి వదలకముందే వేయించుకోవాలి.