"డ్రీమ్" – పాలకొల్లు మాండొలిన్, కెనడా గిటారు

మన పెద్ద తరగతుల విద్యార్థులు కొందరు ఇటీవల ఫోనులలో పాశ్చాత్య రాక్ సంగీతము వినుచున్నారు. "ఆ హోరులో వీరికి ఏమి రుచించుచున్నదో!" అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఉత్తరముగా ఒక్క ఆల్బమును గూర్చి చెప్పెదము. దాని పేరు "డ్రీమ్", అనగా కల. ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ దానిని 1995లో వెలువరించినది. గిటారు వాయించినది కెనడా దేశస్థుడగు మైకేల్ బ్రూక్. మాండొలిన్ వాయించినది మన తెలుగువారగు ఉప్పలపు శ్రీనివాస్.

ఆల్బమనగా పాటల మూట మాత్రమే కాదు. పూర్వపు గ్రామఫోను పలకకు ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషముల పాట పట్టెడిది. 1948లో దీర్ఘవాదన రికార్డు వచ్చిన పిమ్మట ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పట్టసాగినది. ఆ స్థలమంతయు ఒకే కావ్యమువలె నింపవలెనను కోరిక రాక్ బృందములకు కలిగినది. 1967లో బీటిల్స్ వెలువరించిన "సార్జంట్ పెప్పర్స్" ఆల్బము అందుకు పేరుపొందినది. టేపును వెనుకకు త్రిప్పుట, ప్రతిధ్వనులు చేర్చుట, ఒకే స్వరమును సాగదీయుట మొదలగు ఉపాయములతో కలగన్నట్లుండు నాదమును కల్పించిరి. దానికే సైకెడెలిక్ రాక్ అని పేరు. ఆ పేరునకు ఆ కాలపు మత్తుమందులతో సంబంధమున్న మాట నిజము. దాచుట మాకు ఇష్టము లేదు. కాని నాదమును నాదముగా వినుటకు ఏ మత్తును అక్కరలేదు. ఆ బృందమువారు 1965లోనే తమ పాటలో మన సితారును వాడుకొనిరని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

స్వరమును సాగదీయు ఆ తపనయే బ్రూక్ చేత "అనంత గిటారు" అను సాధనమును చేయించినది. తీగ కంపమును విద్యుత్తుగా గ్రహించి, దానిని హెచ్చించి, మరల ఆ తీగకే అందించుట అందలి కిటుకు. మీటిన స్వరము ఆరిపోక నిలిచియుండును. యూ-టూ అను ఐర్లండు రాక్ బృందమువారి 1987 నాటి ప్రసిద్ధ గీతములో వినవచ్చు ఆ దీర్ఘనాదము ఈ సాధనముదే.

ఇక మనవాని సంగతి. త్ర్యంబకమున పుట్టి మన నాందేడు చెంత పారు గోదావరి, సముద్రమును చేరబోవు డెల్టాలో పాలకొల్లు కలదు. శ్రీనివాస్ అచ్చట 1969లో జన్మించిరి. తండ్రి మాండొలిన్‌ను బాల్యముననే చేపట్టిరి. మాండొలిన్ ఐరోపా వాద్యము. దానికి నాలుగు జంట తీగలు. మీటినంతనే స్వరము టింగుమని లేచి ఆరిపోవును. మన సంగీతమునకో గమకము ప్రాణము. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారవలెను, ఊగవలెను, మధ్యలో తెగరాదు. ఇట్టి వాద్యముపై కర్ణాటక సంగీతమేమిటని పెద్దలు శంకించుట వింత కాదు.

గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు. అదియే మేలైనదని మా అభిప్రాయము. ఆయన పాడెడివారు, బాలుడు ఆ పాటను తీగపై పలికింప యత్నించెడివాడు. వ్రేలికి మాదిరి లేదు, గొంతే మాదిరి. తరువాత శ్రీనివాస్ జంట తీగలను విడిచి, ఐదు ఒంటి తీగలుగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టిరి. తీగను మెట్టుపై ప్రక్కకు లాగియు, జార్చియు గమకమును సాధించిరి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరి చేసిరి.

ఇప్పుడు ఆల్బము సంగతి తేటపడును. ఒకరు ఆరిపోవు తీగను గొంతువలె పాడించినవారు. మరియొకరు తీగను ఆరకుండ నిలిపినవారు. వేరువేరు దారులలో ఇద్దరును వెదకినది ఒక్కటే. "డ్రీమ్"లో బ్రూక్ నాదము మన శ్రుతివలె క్రింద పరచుకొని యుండగా, మాండొలిన్ దానిపై రాగభావముతో నడచును. మొదట వినినప్పుడు ఏదో కొరత మాకు తోచినది. నేటికిని కొన్నిచోట్ల తోచుచున్నది. ఇది రాక్ అని గాని, కర్ణాటకమని గాని ఖండితముగా చెప్పజాలము.

ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ పలుకు మన బిడ్డలను చూచి, రెండును కలిసి ఒకటి చెడిపోవునేమో అని తల్లిదండ్రులు భయపడుచుందురు. ఈ ఆల్బమును ఎన్నుకొనుటకు ఆ భయమే కారణము. శ్రీనివాస్ దీనికి ముందు, 1994లో, అదే సంస్థకు "రామ శ్రీరామ" అను శుద్ధ కర్ణాటక ఆల్బమును ఇచ్చిరి. "డ్రీమ్" తరువాతను కచేరీలు మానలేదు. జాన్ మెక్లాక్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో "రిమెంబర్ శక్తి" బృందమున దేశదేశములు తిరిగియు గమకమును వదలలేదు. 1998లో పద్మశ్రీ పొందిరి. 2014 సెప్టెంబరు 19న, నలుబది ఐదేండ్లకే, చెన్నపట్టణమున మరణించిరి.

వినదలచినవారు మొదట "రామ శ్రీరామ"ను, మరునాడు "డ్రీమ్"ను వినుడు. ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. గిటారు ఎచ్చట తగ్గి మాండొలిన్ ఎచ్చట అందుకొనుచున్నదో గుర్తుపట్టి, వచ్చే సంచికలోపల మాకు వ్రాసి పంపుడు.