ఆటబల్ల అదిరింది... బీరు కుదిరింది!

రసంలో కొత్తిమీర మొదట్లోనే వేసి మరిగిస్తే ఘుమఘుమంతా ఆవిరైపోతుంది. దించేముందు వేస్తేనే వాసన నిలుస్తుంది. బీరు తయారుచేసేవారిదీ ఇదే చిక్కు. కాకపోతే వాళ్లు వేసేది కొత్తిమీర కాదు, హాప్స్!

హాప్స్ అంటే ఓ తీగకు కాసే ఆకుపచ్చని పూలు. బీరుకు చేదునీ పరిమళాన్నీ ఇచ్చేవి ఇవే. మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తియ్యటి రసంలో వీటిని వేసి మరిగిస్తారు. ఎక్కువసేపు మరిగితే పూలలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుని చేదు బాగా దిగుతుంది. కానీ సువాసననిచ్చే నూనెలు ఎగిరిపోతాయి. అందుకే మొదట చేదు కోసం కొన్ని, చివర్లో వాసన కోసం కొన్ని వేయడం ఆనవాయితీ.

దాన్ని మార్చాలన్న ఆలోచన పుట్టింది ఓ టీవీ వంటల కార్యక్రమం నుంచి. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో 1995లో 'డాగ్‌ఫిష్ హెడ్' అనే చిన్న బ్రూవరీ పెట్టిన శామ్ కాలజియోనీ ఆ కార్యక్రమం చూశాడు. అందులో వంటమాస్టారు సూపు ఉడుకుతున్నంతసేపూ మిరియాలను కొంచెం కొంచెంగా చల్లుతున్నాడు. హాప్స్‌నీ అలాగే వేస్తేనో?

మరి గంటన్నరసేపు గంగాళం పక్కన నిలబడి చల్లేదెవరు? పాత సామాన్ల దుకాణంలో అతనికో ఫుట్‌బాల్ ఆటబల్ల దొరికింది. స్విచ్ వేస్తే బల్ల అదిరి, దానిమీది బొమ్మ ఆటగాళ్లు కదులుతారు. దాన్ని గంగాళంపై ఏటవాలుగా నిలిపి, కన్నాలు పొడిచిన బకెట్‌లో హాప్స్ నింపి పైన అమర్చాడు. బల్ల అదురుతుంటే హాప్స్ కొద్దికొద్దిగా జారి మరిగే రసంలో పడ్డాయి. ఆవిరి తగిలి ఆ బల్ల ఎంతోకాలం పనిచేయలేదు. అయితేనేం, కిటుకు దొరికింది. 2001లో '90 మినిట్ ఐపీఏ', 2003లో '60 మినిట్ ఐపీఏ' వచ్చాయి. ఆ అంకెలు మరేమిటో కాదు, హాప్స్ వేస్తూ మరిగించిన నిమిషాలు!

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా బ్రూవరీ అసలు పొయ్యి జోలికే పోని దారి ఎంచుకుంది. టార్పెడో ఆకారంలో ఓ స్టీలు పాత్ర చేయించి, దాన్నిండా హాప్స్ నింపింది. తొట్టెలో పులిసిన బీరునే ఆ పాత్రగుండా తిప్పి మళ్లీ తొట్టెలోకి పంపుతారు. మరిగించడం ఉండదు కాబట్టి నూనెలు ఎగిరిపోవు, పరిమళం బీరులోకి దిగుతుంది. 2009లో మార్కెట్లోకి తెచ్చిన బీరుకు ఆ పాత్ర పేరే పెట్టారు... 'టార్పెడో'.

ఇక, ఆవిరి దెబ్బకు మూలనపడ్డ ఆ ఆటబల్ల సంగతంటారా? వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికా చరిత్ర మ్యూజియానికి చేరింది!