ఇంటి వాకిలికి పేవర్ బ్లాకుల ఎంపిక

తాటిపాకలో మా ఇంటి గేటు నుంచి కారు షెడ్డు దాకా పరిచిన బ్లాకులు మొదటి వానాకాలానికే కుంగాయి. చక్రాలు నడిచే రెండు చారల్లో నీళ్లు నిలిచాయి. అయితే ఒక్క బ్లాకూ విరగలేదు. కొనేటప్పుడు నేను చూసినవి రంగు, ఆకారం. చూడవలసినవి మందం, కింది నేల.

ముందుగా మందం సంగతి చూద్దాం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15658 2006 నాటి రూపంలో ఇంటి వాకిళ్లకు 50 మి.మీ. మందం, ఎం-30 కాంక్రీటు చాలంది. అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. తేలికపాటి రాకపోకలుంటే 60 మి.మీ., ఎం-35 అంది. కారు మాత్రమే వచ్చే ఇంటికి మొదటిది సరిపోతుంది. కోనసీమలో దింపు రోజున కొబ్బరికాయల ట్రాక్టరు కూడా లోపలికి వస్తుంది కదా! అందుకే 60కి తగ్గవద్దంటాను.

ఆకారం విషయంలో జిగ్‌జాగ్ బ్లాకులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మామూలు దీర్ఘచతురస్రపు బ్లాకులనైనా ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా చేపముల్లులా పేరిస్తే చక్రాల తోపుడుకు కదలవు. రబ్బరు అచ్చులో పోసిన నిగనిగలాడే రకం పాకుడు పడితే జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంటికి గరుకు రకమే మేలు.

ఇక అసలు సమస్య నేల. ఇక్కడిది గోదావరి ఒండ్రు బంకమట్టి, తడిస్తే మెత్తబడుతుంది. బ్లాకులు చక్రం బరువును పక్కవాటికి పంచి కిందికి దించుతాయే గాని గట్టి పలకలా మోయవు. కాబట్టి మెత్తటి మట్టి తీసేసి, గ్రావెల్‌ను పొరలుగా పోసి, పొరపొరకూ రోలరుతో అణచాలి. దానిపై 20 నుంచి 40 మి.మీ. ముతక ఇసుక పరిచి బ్లాకులు పేర్చాలి. సందుల్లో సన్నని ఇసుక నింపాలి. అంచుల్లో కాంక్రీటు కట్టు లేకపోతే బ్లాకులు పక్కకు జరుగుతాయి. వాలు 50కి 1 ఉండాలి. అంటే 3 మీటర్ల వెడల్పుకు 6 సెం.మీ. గుంటలను గ్రావెల్‌తో కాక ఇసుకతో పూడ్చడమే మా ఇంట్లో జరిగిన తప్పు.

కొబ్బరిచెట్ల మొదళ్ల దగ్గర గడ్డి మొలిచే రంధ్రాల బ్లాకులు వేస్తే నీరు వేళ్లకు దిగుతుంది. కొబ్బరివి పీచువేళ్లు, మర్రి వేళ్లలా బ్లాకులను ఎత్తవు.

200 × 100 మి.మీ. బ్లాకులు చదరపు మీటరుకు 50 పడతాయి. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల వాకిలికి 1500, అంచు ముక్కలకు మరికొన్ని కావాలి. మేము కొత్తవి కొనలేదు. ఉన్నవే తీసి, అడుగు సరిచేసి, మళ్లీ పరిచాం. సిమెంటు గచ్చయితే పగలగొట్టవలసి వచ్చేది.